క్యాబేజీ మేసిన ఆవుకు కాఫీ రంగు మూత్రం ఎందుకు?

ప్రశ్న: సార్, మాకు మూడు హెచ్.ఎఫ్. క్రాస్ ఆవులు ఉన్నాయి. క్యాబేజీ ధర పడిపోయింది, కోత కూలి కూడా రావడం లేదు. అందుకని మూడు వారాలుగా తోటంతా ఆవులకే వేస్తున్నాం. ఒక్కోదానికి రోజుకు యాభై, అరవై కిలోలు పడుతోంది. ముందు కోసిన మోళ్లకు వచ్చిన పిలకలు కూడా కోసి వేశాం. ఎండుగడ్డి మానేశాం. నెలన్నర కిందట ఈనిన ఆవు మూడు రోజులుగా కాఫీ డికాక్షన్ రంగులో ఉచ్చ పోస్తోంది. పాలు పన్నెండు లీటర్ల నుంచి ఏడుకు దిగాయి. జ్వరం చూస్తే 101.5 డిగ్రీలే ఉంది. పిడుదుల జ్వరమేమో, సూది వేయించు అంటున్నారు పక్కవాళ్లు. మనుషులం రోజూ తినే క్యాబేజీ ఆవుకు చెరుపు చేస్తుందా?
– రైతు, పలమనేరు మండలం, చిత్తూరు జిల్లా

జవాబు: ముందు మూడు ఆవులకూ క్యాబేజీ, పిలకలు ఈ పూటే ఆపేయండి. బాగానే ఉన్నాయి కదా అని మిగతా రెండింటికీ వేయకండి. వాటి రక్తం కూడా ఇప్పటికే కొంత తగ్గి ఉండొచ్చు.

మీ అనుమానం సరైనదే. క్యాబేజీ చెరుపు చేస్తుంది. కానీ విషం ఆకులో లేదు, ఆవు పొట్టలో తయారవుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ జాతి మొక్కల్లో ఎస్-మిథైల్ సిస్టీన్ సల్ఫాక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. ఇది గంధకం ఉన్న అమైనో ఆమ్లం. మాంసకృత్తుల్లో కలవకుండా ఆకు రసంలో విడిగా ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. దానంతట అది ఆవుకు ఏ హానీ చేయదు.

కథంతా పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో నడుస్తుంది. అక్కడి బ్యాక్టీరియా ఈ పదార్థంలో కార్బన్‌కూ గంధకానికీ మధ్య ఉన్న బంధాన్ని తెంచేస్తాయి. పైరువిక్ ఆమ్లం, అమ్మోనియా వాటికి పనికొస్తాయి. మిగిలిన గంధకపు ముక్క ఒంటరిగా నిలవలేదు. రెండేసి ముక్కలు జతకూడతాయి, గాలి ఆడని ఆ పొట్టలో ఆక్సిజన్‌ను కోల్పోయి చివరికి డైమిథైల్ డైసల్ఫైడ్‌గా మారతాయి. క్యాబేజీ ఎక్కువసేపు ఉడికితే వంటింట్లో వచ్చే ఘాటు వాసనలో ఇదీ ఉంటుంది. మనకు ఆ పులియబెట్టే తొట్టి లాంటి పొట్ట లేదు, తినేది కూడా గుప్పెడు కూరే. అందుకే క్యాబేజీ మనల్ని ఏమీ చేయదు, నెమరు వేసే పశువును మాత్రం దెబ్బతీస్తుంది.

డైమిథైల్ డైసల్ఫైడ్ రక్తంలోకి వెళ్లాక ఎర్ర కణాలను కాపాడే గ్లూటాథయోన్‌ను ఖర్చు చేసేస్తుంది. రక్షణ పోయిన హిమోగ్లోబిన్ చెడి, ముద్దగా మారి కణం గోడకు అంటుకుంటుంది. ఈ ముద్దలనే హీంజ్ బాడీలు అంటారు. అలాంటి కణాలు చితికిపోతాయి, అందులోని ఎరుపు మూత్రపిండాల గుండా బయటికి వస్తుంది. మీరు చూసిన డికాక్షన్ రంగు అదే. స్కాట్లాండ్‌లో కేల్ అనే ఆకుమేత తిన్న పశువులకు ఇదే జబ్బు వచ్చేది. దానికి మూలం ఈ పదార్థమేనని అక్కడి రోవెట్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తేల్చారు.

ప్రతి 100 కిలోల బరువుకు రోజుకు 15 గ్రాముల పదార్థం చేరితే జబ్బు తీవ్రంగా వస్తుంది. 10 గ్రాములు దాటినా లోలోపల రక్తం తగ్గుతుంది. మీ ఆవు 400 కిలోలు ఉందనుకుందాం, అంటే ప్రమాదపు గీత 60 గ్రాములు. 60 కిలోల క్యాబేజీలో నీరు పోను ఎండు పదార్థం ఐదు కిలోల లోపే. అందులో ఈ విషపదార్థం ఒక శాతం ఉన్నా దాదాపు 50 గ్రాములు చేరినట్టే. అదీకాక కోసిన మోళ్లకు వచ్చే పిలకల్లో, పూతకొచ్చిన కాడల్లో ఈ పదార్థం ఎక్కువగా ఉంటుంది. అమ్మోనియం సల్ఫేట్, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ లాంటి గంధకం ఉన్న ఎరువులు బాగా వేసిన చేలో ఇంకా పెరుగుతుంది. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ భయం కలిగించిన మాట ఆ పిలకల సంగతే.

అయినా ఉత్తరం చదివి జబ్బు ఇదేనని తేల్చేయకూడదు. ఒక గాజు సీసాలో మూత్రం పట్టి రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఎరుపు అడుగుకు దిగి పైన తేటపడితే అది మూత్రనాళంలో రక్తస్రావం, దాని దారి వేరు. సీసా అంతా ఒకే రంగులో నిలిస్తే రక్తకణాలు చితికినట్టు. పిడుదుల జ్వరంలో సాధారణంగా ఒళ్లు 104 డిగ్రీలు దాటి కాలిపోతుంది, మీ ఆవుకు అది లేదు. కానీ ఈనిన కొద్ది వారాల్లో భాస్వరం తగ్గినా మూత్రం ఇలాగే వస్తుంది. ఈనిన రోజులు చూస్తే దాన్ని కొట్టిపారేయలేం. కాబట్టి సూది మాట తర్వాత, ముందు రక్తపరీక్ష. పిడుదుల జ్వరానికి మామూలు స్లైడ్, భాస్వరం పాళ్లు రెండూ చూడమనండి. హీంజ్ బాడీలు మామూలు రంగుల్లో సరిగా కనబడవు, న్యూ మిథిలీన్ బ్లూ రంగు వేసి చూడమని ప్రత్యేకంగా అడగండి. సౌకర్యం ఉంటే తిరుపతి పశువైద్య కళాశాలకు ఆవునే తీసుకురండి. అయితే ఎండలో నడిపించకండి. రక్తం తగ్గిన ఆవు గుండె ఆ శ్రమకు తట్టుకోలేదు.

క్యాబేజీ చెరుపుకు ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. మేత మార్చడం, నీడన కట్టేయడం, నీళ్లు దండిగా తాగనివ్వడమే అసలు వైద్యం. కింది కనురెప్ప లాగి చూడండి. లోపలి పొర లేత గులాబీ రంగులో ఉంటే ఫర్వాలేదు, కాగితంలా తెల్లబడినా, ఆవు నిలబడలేక రొప్పుతున్నా ఆలస్యం చేయకండి. ఆరోగ్యంగా ఉన్న మరో పశువు రక్తం ఎక్కించాల్సి రావొచ్చు. ఆ నిర్ణయం డాక్టర్‌ది. మేత ఆపాక రక్తం మళ్లీ పట్టడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. క్యాబేజీ వేస్తూనే ఉన్నా కొన్ని ఆవులు మధ్యలో తేరుకున్నట్టు కనిపిస్తాయి. అది చూసి నమ్మకండి, మళ్లీ దిగజారతాయి.

వచ్చే పంటలో ఆవులకు క్యాబేజీ అసలు పెట్టొద్దని నేను చెప్పను. ధర లేని రోజున ఆకు పారేయడం ఎంత బాధో తెలుసు. ముందు ఎండుగడ్డో చొప్పో కడుపునిండా పెట్టి, ఆ తర్వాత ఒక్కో ఆవుకు పది, పదిహేను కిలోలకు మించకుండా, పాలు పిండాకే వేయండి. పిండే ముందు వేస్తే పాలకు వాసన పట్టి కేంద్రంలో వెనక్కి పంపుతారు. చేలో పురుగుమందు కొట్టి ఉంటే, డబ్బా మీద రాసిన గడువు దాటాకే కోయండి. ఉల్లిగడ్డ కుప్పలు ఆవులకు వేసినా ఇదే తరహా దెబ్బ తగులుతుంది.

మిగతా రెండు ఆవుల మూత్రం రంగు పది రోజుల పాటు రోజూ పొద్దున్నే చూడండి. గచ్చు మీద కాదు, తెల్ల మగ్గులో పట్టి చూడండి.