గేమ్‌లో ఆఖరి బాస్ ఫైట్, అంటే ప్రధాన శత్రువుతో చివరి పోరు, అన్నిటికంటే కష్టంగా ఉండాలా?

అక్కర్లేదు, ఆఖరి యుద్ధం గొప్పగా అనిపించాలంటే అప్పటిదాకా ఆటగాడు చేసిన పనులన్నీ అక్కడ లెక్కలోకి రావాలి, కష్టం దాని తర్వాతే. ఎందుకంటే ఒకే చోట ఇరవై సార్లు చచ్చి మళ్లీ మొదలుపెడితే, మొదటిసారి ఒళ్లు జలదరించిన సంగీతమే ఇరవయ్యోసారికి విసుగు పుట్టిస్తుంది, కథలో ఉన్న టెన్షన్ అంతా ఆవిరైపోతుంది.

2017లో నింటెండో తెచ్చిన జెల్డా గేమ్, అదే బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ చూడండి. ఆట మొదలయ్యే పీఠభూమి దిగగానే నేరుగా కోటకి వెళ్లి ఆఖరి బాస్ గానన్‌తో తలపడొచ్చు, కానీ గానన్ గుప్పిట్లో ఉన్న నాలుగు దివ్య యంత్రాల్లో (జంతువుల ఆకారంలో ఉండే భారీ యంత్రాలు) విడిపించకుండా వదిలేసిన ఒక్కోదానికీ ఒక్కో శత్రువు ముందుగా అడ్డొస్తాడు. నాలుగింటినీ విడిపించి వెళ్తే మాత్రం, పోరు మొదలవ్వగానే అవి దూరం నుంచి ఒకేసారి కాంతి కిరణాలు వదులుతాయి, గానన్ హెల్త్ బార్ (మిగిలిన ప్రాణశక్తిని చూపే గీత) మన కళ్లముందే సగానికి పడిపోతుంది. ఫైట్ తేలికైంది నిజమే, అయినా ఆ క్షణం మన చేతుల్తో సంపాదించుకున్నది, అందుకే మనసులో ఉండిపోతుంది. ఆ తర్వాత మైదానంలో గుర్రం మీద తిరుగుతూ, రాక్షస వరాహంగా మారిన గానన్ ఒంటి మీద మెరిసే గుర్తులకి కాంతి బాణాలు కొట్టే ఘట్టమైతే ఇంకా సులువు.

చాలామంది పొరపడేది ఎక్కడంటే, బాస్‌ని పెద్దగా చేసి హెల్త్ మూడింతలు పెంచితే యుద్ధం భారీగా మారిపోతుందనుకుంటారు. దానివల్ల అదే దెబ్బ ఇంకో పది నిమిషాలు కొట్టాల్సి వస్తుంది, అంతే.