విద్యార్థిగా మీరు మొదటిసారి చూసిన ప్రసిద్ధ ఐరోపా నగరం ఏది? అక్కడ మీకు బాగా గుర్తుండిపోయినదేమిటి?

నేను చూసిన నగరం రోమ్, గుర్తుండిపోయినది పాంథియన్ అనే పురాతన రోమన్ ఆలయపు గుమ్మటం. 2019 మార్చిలో, జర్మనీలో సివిల్ ఇంజినీరింగ్ మాస్టర్స్ మొదటి సెమిస్టర్ పరీక్షలు ముగిసిన వారంలో, ఇద్దరు తెలుగు మిత్రులతో కలిసి మూడు రోజులకు వెళ్ళాను. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవారు ఇటలీ చూసి రావడానికి వేరే వీసా తీసుకోనవసరం లేదు కనుక, పాస్‌పోర్టు పెట్టుకుని హాస్టల్లో మూడు పడకలు బుక్ చేసుకోవడంతో మా సన్నాహం పూర్తయింది. ఇంకాస్త చదువుకుని వెళ్ళి ఉండవలసిందని మొదటి రోజే తెలిసివచ్చింది.

రోమ్‌లో బస్సుకూ మెట్రోకూ పనికివచ్చే 1.50 యూరోల టికెట్ ఒకటి ఉండేది. అది ముద్ర పడినప్పటి నుంచి 100 నిమిషాలు చెల్లుతుంది. మెలికంతా ఆ ‘ముద్ర పడినప్పటి నుంచి’ అన్న మాటలోనే ఉంది. టికెట్ కొన్నంత మాత్రాన సరిపోదు, బస్సెక్కగానే లోపలున్న చిన్న యంత్రంలో పెట్టి తేదీ, సమయం అచ్చు వేయించుకోవాలి. ఊళ్ళో కండక్టర్ చేతికిచ్చే టికెట్టూ, జర్మనీలో విశ్వవిద్యాలయం ఇచ్చిన సెమిస్టర్ టికెట్టూ తప్ప మరొకటి ఎరగని నేను దాన్ని భద్రంగా పర్సులో దాచుకున్నాను. మూడో స్టాపులో తనిఖీకి ఎక్కిన వ్యక్తి ముద్ర లేని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జరిమానా రాశాడు. అది 50 యూరోలు దాటింది, అంటే అప్పట్లో నా పది రోజుల కిరాణా ఖర్చు. తప్పు నాదే గనుక వాదించడానికి ఏమీ లేదు. ఆ ఉక్రోషంతో మిగిలిన రోజులన్నీ నడిచే తిరిగాం.

నడిచేవారికి రోమ్ అనుకూలమైన నగరం. మా హాస్టల్ ఉన్న టెర్మినీ స్టేషన్ ప్రాంతం నుంచి పాంథియన్‌కు సుమారు రెండు కిలోమీటర్లే. దారి పొడవునా నడుమెత్తు పోత ఇనుప కుళాయిలు కనిపిస్తాయి. వంపు తిరిగిన గొట్టాన్ని బట్టి వాటిని ‘నసోనీ’, అంటే పెద్ద ముక్కులు, అని పిలుస్తారు. 1874లో మొదలైన ఈ కుళాయిలు నగరంలో రెండు వేలకు పైగా ఉన్నాయి, చల్లటి మంచినీళ్ళు ఉచితంగా పారుతూనే ఉంటాయి. గొట్టం చివరను వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రం నుంచి నీరు చిమ్ముతుందని, అలా వంగకుండా తాగవచ్చని ఒక బడిపిల్లవాడిని చూసి నేర్చుకున్నాం.

ట్రెవీ ఫౌంటెన్ దగ్గర ఫొటోల కోసం తోసుకునే జనం మధ్య ఎక్కువసేపు నిలబడలేకపోయాం. ఆ ఫౌంటెన్ 1762లో పూర్తయినదే అయినా, దానికి నీరు తెచ్చే కాలువను మొదట తవ్వించింది క్రీ.పూ. 19లో అగ్రిప్ప అనే రోమన్ సేనాని. అక్కడి నుంచి పది నిమిషాలు నడిచి ఇరుకు సందులోంచి బయటపడేసరికి, ఎదురుగా ఉన్న కట్టడం నుదుటి మీద అదే అగ్రిప్ప పేరు పెద్ద అక్షరాలతో కనిపించింది. నిజానికి ఇప్పుడున్న పాంథియన్ అతను కట్టించినది కాదు. పాతది కాలిపోగా రెండవ శతాబ్దంలో హేడ్రియన్ చక్రవర్తి కాలంలో తిరిగి కట్టి, అగ్రిప్ప పేరే చెక్కించారు. శంకుస్థాపన పలకలకు అలవాటుపడిన మన కళ్ళకు ఇది కొంచెం వింతగానే తోస్తుంది.

లోపల గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు. నేల నుంచి నడినెత్తి వరకు ఎత్తు కూడా అంతే కావడంతో ఆ ఖాళీలో ఒక పెద్ద బంతి సరిగ్గా ఇమిడిపోతుంది. ఇనుప కడ్డీలు వేయని కాంక్రీటు గుమ్మటాలలో ప్రపంచంలో నేటికీ ఇదే పెద్దది. కాంక్రీటు ఒత్తిడిని తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు, అందుకే స్టీలు వేస్తాం అని బీటెక్ నాలుగేళ్ళూ పరీక్షల్లో రాసిన నేను, స్టీలు లేకుండా దాదాపు 1,900 ఏళ్ళుగా నిలిచి ఉన్న ఆ కప్పు కింద చాలాసేపు తల పైకెత్తే ఉండిపోయాను. అడుగున గోడ మందం సుమారు 6 మీటర్లు. గుమ్మటం పైకి పోయేకొద్దీ పలచబడుతూ నడినెత్తి రంధ్రం దగ్గర 1.2 మీటర్లకు చేరుతుంది. మందంతో పాటు కంకర కూడా మారుతుంది, కింద బరువైన రాయి వేసినవారు పైన నీటి మీద తేలేటంత తేలికైన ప్యూమిస్ అనే అగ్నిపర్వత రాయి వాడారు. లోపలివైపు వరుసకు 28 చొప్పున ఐదు వరుసల గళ్ళు తొలిచి ఇంకొంత బరువు తగ్గించారు. నడినెత్తిన అయితే కాంక్రీటే లేదు, 8 మీటర్లకు పైగా వెడల్పున్న రంధ్రంలోంచి ఆకాశం కనిపిస్తుంది. గుమ్మటంలో నిలువు పగుళ్ళు ఉన్నాయి. ఆ పగుళ్ళ మధ్య భాగాలు ఒకదానికొకటి ఆనుకున్న కమానుల్లా పనిచేస్తుంటే, వాటి నెట్టుడును ఆ లావుపాటి గోడ మోస్తోంది.

ఇందులో సిమెంటు బదులు వాడినది అగ్నిపర్వత బూడిద కలిపిన సున్నం. మా తాతగారి ఇంటి గోడలకు గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపారని చిన్నప్పుడు విన్నాను. రెండింటి వెనుక ఉన్న రసాయనం ఒక్కటేనని అక్కడ నిలబడినప్పుడు స్ఫురించింది. మార్చి నెల గనుక నడినెత్తి రంధ్రంలోంచి వచ్చే మధ్యాహ్నపు వెలుగు వలయం గుమ్మటం మొదలయ్యే అంచు మీద పడుతోంది, వేసవిలో అది నేల మీదికి దిగుతుంది.

రెండో రోజు కొలోసియం చూశాం. విద్యార్థి కార్డు చూపితే తగ్గింపు ఇస్తారనుకున్నాం గానీ, 18 నుంచి 25 ఏళ్ళ వారికి ఇచ్చే ఆ రాయితీ యూరోపియన్ యూనియన్ పౌరులకు మాత్రమేనట. మన విద్యార్థులు పూర్తి ధర లెక్కవేసుకుని, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం మంచిది. మూడో రోజు ఉదయం వాటికన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పీటర్స్ బసిలికాకు వెళ్ళాం. దాని గుమ్మటం పాంథియన్ కంటే కొంచెం చిన్నదే అయినా, పగుళ్ళు కనిపించడంతో 18వ శతాబ్దంలో చుట్టూ ఇనుప పట్టీలు బిగించవలసి వచ్చింది. భోజనం సంగతి చెప్పాలంటే, తూకానికి అమ్మే పిజ్జా ముక్కలతో మూడు రోజులూ గడిపేశాం. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక, బల్ల దగ్గర కూర్చుంటే ధర పెరుగుతుంది. శాకాహారులు ‘సుప్లీ’ అనే అన్నపు ఉండలను అడిగి తెలుసుకుని తినాలి, సంప్రదాయంగా వాటిలో మాంసం ఉంటుంది.

ఆ మధ్యాహ్నం వాన పడింది. మిత్రులు సామాను సర్దుకుంటుండగా నేను మళ్ళీ పాంథియన్‌కు పరుగెత్తాను. అప్పట్లో ప్రవేశం ఉచితం, 2023 జూలై నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు. నడిమధ్య చుట్టూ తాడు కట్టి ఉంచారు. రంధ్రం నుంచి చినుకులు నేరుగా పాలరాతి నేల మీద పడి, కంటికి ఆనని వాలు వెంట జారి, రాతిలో తొలిచిన చిన్న చిన్న రంధ్రాలలోకి దిగిపోతున్నాయి. మేస్త్రీ వాలు సరిగ్గా పెట్టాడో లేదోనని కొత్త స్లాబు మీద బకెట్టుతో నీళ్ళు పోసి చూసిన మా నాన్నగారు గుర్తుకొచ్చారు. ఆ రంధ్రాలు మొత్తం 22 అని చదివాను. నేను 14 వరకు లెక్కపెట్టేసరికి విమానాశ్రయం బస్సు వేళయింది.