'ఐదు వేలే ముద్రించారు' అంటే తొందరపడాలా?

ప్రశ్న: నాకు వెండి స్మారక నాణేలంటే ప్రాణం. నెలనెలా కొంచెం పక్కన పెట్టి ఇప్పటికి నాలుగు కొన్నాను. 'ఐదు వేలే ముద్రించారు, మళ్లీ దొరకదు' అన్న ప్రకటన చూడగానే టెన్షన్ మొదలవుతుంది. ఈసారి వాయిదాల మీద కొనేద్దామా అనిపిస్తోంది. ఉన్నవాటిలో ఒకటి అంచుల దగ్గర నల్లబడింది. పాలిష్ పెట్టొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు చివరి ప్రశ్న సంగతి చెబుతాను, అది ఆలస్యం చేయకూడనిది. పాలిష్ పెట్టకండి. మెత్తటి గుడ్డతో కూడా రుద్దకండి. నా మొదటి ప్రూఫ్ నాణెం (సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా వేసేది) ఇలాగే నల్లబడితే టూత్‌పేస్ట్‌తో తోమాను. నలుపు పోయింది, దాంతోపాటు అద్దంలాంటి మెరుపూ పోయింది. అచ్చును నునుపుగా మెరుగుపెట్టి, ఒక్కో నాణేన్ని ఒకటికి రెండుసార్లు కొట్టి తెచ్చిన మెరుపు అది. సన్నటి గీతలు పడ్డాక మళ్లీ రాదు. పదిహేనేళ్లయింది, ఇప్పటికీ దాన్ని లైటు కింద పెడితే మనసు చివుక్కుమంటుంది.

ఆ నలుపు వెండి సల్ఫైడ్. గాలిలో ఉండే గంధకపు వాయువులు వెండికి తగిలి ఏర్పడుతుంది. కాబట్టి నాణేన్ని దేంట్లో పెట్టారో చూడండి. రబ్బరు బ్యాండు, న్యూస్‌పేపరు దగ్గర్లో ఉంటే తీసేయండి, వాటి నుంచీ గంధకం వస్తుంది. మెత్తటి పీవీసీ కవర్లు ఇంకా ప్రమాదం, కొన్నేళ్లకు నాణెం మీద జిగటగా ఆకుపచ్చ పొర కడుతుంది. నాణెం సరిగ్గా పట్టే గట్టి ప్లాస్టిక్ డబ్బీకి, అంటే క్యాప్సూల్‌కు, పెద్ద ఖర్చు కాదు. నాణెం కొన్నరోజే అదీ కొనండి. చేత్తో పట్టుకుంటే అంచులే పట్టుకోండి.

ఇక ఆ ఐదు వేల మాట. తక్కువ ముద్రించినంత మాత్రాన నాణెం అపురూపం అయిపోదమ్మా. ఎంతమందికి అది కావాలన్నదే అసలు లెక్క. అమెరికా టంకశాల 1982లో జార్జి వాషింగ్టన్ 250వ జయంతికి వెండి అర డాలరు వేసింది. 70 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. అందమైన నాణెం, ఇప్పటికీ వెండి విలువకు దగ్గర్లోనే దొరుకుతుంది. అదే టంకశాల 1995లో, తాను ఏటా వేసే వెండి డాలరు నాణెం 'సిల్వర్ ఈగిల్' పదో వార్షికోత్సవానికి ఒక ప్రూఫ్ నాణెం వేసింది. దాన్ని విడిగా అమ్మలేదు, నాలుగు బంగారు నాణేలతో కలిపిన సెట్‌లోనే ఇచ్చారు. మొత్తం 30,125. ఏటేటా ఈగిల్ ప్రూఫ్‌లు పోగుచేసే ప్రతివాళ్లకూ వరుస నిండాలంటే అది కావాలి, అందుకే దానికంత గిరాకీ. మీరు చూసిన ఐదు వేల నాణేనికి అలా ఎదురుచూసేవాళ్లు ఐదు వందల మందే ఉంటే? పైగా ఆ సంఖ్య చాలాసార్లు 'ఇంతకు మించి వేయం' అనే గరిష్ఠ పరిమితి మాత్రమే, నిజంగా వేసిన లెక్క కాదు. అదే బొమ్మతో వేరే సైజులు, వేరే రకాలు ఉన్నాయేమో కూడా చూసుకోండి.

వాయిదాలు వద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను. కొత్త నాణెం వచ్చినప్పుడు నేను ఒక ఏడాది ఆగుతాను. లాభానికి అమ్ముదామని కొన్నవాళ్లలో చాలామంది ఈలోగా వదిలించుకుంటారు. ఇలా ఆగడం వల్ల రెండు నాణేలు నాకు అందనంత దూరం వెళ్లిపోయాయి, నిజమే. మిగతావి మాత్రం మొదటి ధర కంటే తక్కువకే వచ్చాయి.

కొనే ముందు చిన్న లెక్క వేసుకోండి. బ్రిటన్ ఐదు పౌండ్ల వెండి ప్రూఫ్ మామూలుగా 28.28 గ్రాములు, స్వచ్ఛత 925, అంటే వెయ్యి వంతుల్లో 925 వంతులు వెండి. ఆ లెక్కన అసలు వెండి 26.16 గ్రాములు. ఆనాటి వెండి ధరతో దాన్ని గుణించి, అడుగుతున్న ధరలోంచి తీసేయండి. మిగిలింది బొమ్మకూ, పెట్టెకూ, పేరుకూ మీరిచ్చేది. అంత ఇవ్వడానికి మనసు ఒప్పుకుంటే కొనండి.

తెలియనివాళ్ల దగ్గర కొంటే గ్రాములో వందో వంతు చూపే చిన్న తూకం యంత్రం, ఒక అయస్కాంతం దగ్గర ఉంచుకోండి. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు. అంటుకోనంత మాత్రాన వెండే అనుకోకండి. బరువు, వ్యాసం, మందం మూడూ టంకశాల చెప్పిన కొలతలతో సరిపోవాలి.

నేను పక్షుల బొమ్మలున్నవే కొంటాను. ఆస్ట్రేలియాలోని పెర్త్ టంకశాల 1990 నుంచి వేస్తున్న, కూకబుర్రా అనే పక్షి బొమ్మ ఉండే నాణేలతో మొదలుపెట్టాను. స్మారక నాణేలు కావు గానీ ఏటా బొమ్మ మారుతుంది, ధరా వెండికి మరీ దూరం పోదు. ఒక్క దారి పట్టుకున్నాక ప్రకటనలు నన్ను కంగారు పెట్టడం మానేశాయి. మీ నాలుగింటిలో మీరు ఎక్కువసార్లు బయటికి తీసి చూసుకునేది ఏది? ఆ కొత్త నాణెం దాని పక్కన ఉండాలనిపిస్తే, వచ్చే ఏడాది దాకా డబ్బు పోగుచేసి కొనండి.