పనామెను పరీక్షలకు తోలే ముందు

పరకాల

చిన్నీకి పెద్దమ్మ దీవెనలు.

పనామెను పెట్టుకునే ముందు చేయించాలని మొన్న ఫోన్లో నువ్వు చదివిన లిస్టు ఇంకా నా చెవుల్లోనే ఉంది. పదకొండు పరీక్షలు! హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, టైఫాయిడ్‌కు వైడల్, టీబీకి మాంటూ, ఆఖరికి గర్భం పరీక్ష కూడా. నీ పెళ్ళికి ముందు కూడా మేము ఇన్ని చేయించలేదు బిడ్డా. ల్యాబ్ వాళ్ళు దానికి ‘మెయిడ్ ప్యాకేజీ’ అని పేరు పెట్టారంటే నవ్వొచ్చింది. కిరాణా కొట్టాయన పండుగ ముందు అమ్ముడుపోని సామాను కూడా కలిపి మూట కడతాడు చూడు, అదీ అంతే.

ఫోన్లో చెప్తే సగం మాటలు పాపాయి ఏడుపులో పోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నా. నెల తిరిగితే నువ్వు మళ్ళీ బ్యాంకుకు పోవాలి. పాపకు ఐదు నెలలు. మీ అత్తమ్మకు షుగర్. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఒక మనిషి ఆ పాపను ఎత్తుకుంటుంది, మీ అందరికీ వండుతుంది. ఆమె ఆరోగ్యం చూసుకోవాలనే నీ ఆలోచనలో తప్పేమీ లేదు. ఏం చూడాలి, ఎట్లా చూడాలి అన్న దగ్గరే నువ్వు దారి తప్పుతున్నావు. ముప్పై ఏళ్ళు వరంగల్ ఎంజీఎం దవాఖానలో నర్సుగా చేసిన దాన్ని, నేనూ ఒకప్పుడు తప్పిన దారే అది.

మీ అన్న చంటిపిల్లవాడిగా ఉన్నప్పుడు నాకు నైట్ డ్యూటీలు. వాడిని చూసుకోవడానికి ధర్మసాగర్ వైపు నుంచి ఒకామె వచ్చింది. మంచి మనిషి, చేతులు నెమ్మది. నేను తెలివి చూపించి ఛాతీ ఎక్స్‌రే తీయించాను. ఒక పక్క పైన మచ్చ ఉంది. అంతే, నా గుండె ఆగినంత పనైంది. ఆమె ‘మందులు పూర్తిగా మింగిన సిస్టర్, కార్డు గూడ ఉన్నది ఇంట్ల’ అంటున్నా వినకుండా వారం జీతం చేతిలో పెట్టి పంపించేశాను. ఆ ఫిల్మ్ మా డ్యూటీ డాక్టరుకు చూపిస్తే ఆయన, ‘ఇది మానిన గాయం మచ్చ సిస్టర్, మోకాలి మీద దెబ్బ తగిలితే మచ్చ ఉండదా?’ అన్నాడు. అప్పటికే ఆమె వేరే ఊరు పోయింది. రోగులకు చెప్పే మాటను నేను నా ఇంట్లో మరిచిపోయాను.

కాబట్టి ముందు టీబీ గురించే చెప్తా. చంటిపిల్ల ఉన్న ఇంట్లో, షుగర్ ఉన్న మనిషి ఉన్న ఇంట్లో నిజంగా చూడాల్సింది అదే. గాలి ద్వారా అంటుతుంది, గంటల తరబడి ఒకే గదిలో ఉన్నవాళ్ళకు మరీ సులభంగా. షుగర్ ఉన్నవాళ్ళను తొందరగా పట్టుకుంటుంది. పాపకు పుట్టగానే వేసిన బీసీజీ టీకా మెదడు టీబీ లాంటి ప్రమాదకరమైన రకాల నుంచి కాపాడుతుంది గానీ, ఊపిరితిత్తుల టీబీ రాకుండా పూర్తిగా ఆపలేదు. అయితే దీనికి మాంటూ వేయించకు. మన దేశంలో పెద్దవాళ్ళలో చాలామంది ఒంట్లో ఆ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. సూది గుచ్చిన చోట ఉబ్బితే జబ్బు ఉందని కాదు. నీకు వేసినా ఉబ్బొచ్చు.

అడగాల్సిన మాటలు అడుగు. రెండు వారాలు దాటిన దగ్గు ఉందా? సాయంత్రం పూట జ్వరం కాస్తుందా? రాత్రుళ్ళు చెమటలు పడుతున్నాయా? జాకెట్లు వదులైనయా? ఇంట్లో ఎవరైనా ఈ మధ్య టీబీ మందులు వాడారా? ‘బరువు తగ్గినవా’ అని అడిగితే ఎవరికీ తెలియదు, వాళ్ళింట్లో బరువు చూసే మిషన్ ఎక్కడిది? జాకెట్టు వదులైతే మాత్రం ప్రతి ఆడమనిషికీ తెలుస్తుంది. ఈ మాటలు గుమ్మంలో నిలబెట్టి పోలీసులాగా అడగకు. కూర్చోబెట్టి, చాయ ఇచ్చి, ‘అక్కా’ అని పిలిచి, ముందు మీ ఇంటి సంగతి చెప్పు. మీ అత్తమ్మకు షుగర్ అని, పాప చిన్నదని చెప్తే ఎందుకు అడుగుతున్నావో ఆమెకే అర్థమవుతుంది.

రోజంతా చంటిపిల్లను ఎత్తుకునే మనిషి కాబట్టి ఒక్కసారి ఛాతీ ఎక్స్‌రే తీయించడం న్యాయమే. గర్భంతో ఉండే అవకాశం ఉందా అన్నది ఎక్స్‌రే గదిలో వాళ్ళు ఆమెనే అడుగుతారు, నువ్వు దూరకు. అనుమానం వస్తే తెమడ పరీక్ష సర్కారు దవాఖానలో ఉచితం. నిజంగా టీబీ తేలితే ఉద్యోగం పోయినట్టు ఆమెకు అనిపించనీయకు. మామూలు టీబీకి ఆరు నెలల మందులు, అవీ ఉచితమే. తిండి కోసం నెలకు 500 ఇచ్చేవాళ్ళు, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. మందులు సరిగ్గా పడితే రెండు మూడు వారాల్లో ఇంకొకరికి అంటుకునే గుణం బాగా తగ్గిపోతుంది. డాక్టర్ సరే అన్న రోజు రమ్మను, అప్పటిదాకా చోటు ఆమెకే ఉంచు. ఊపిరితిత్తుల్లో లేకుండా మెడ దగ్గర గడ్డ టీబీ ఒక్కటే అయితే అంటదు.

ఇక వంట. వైడల్ పరీక్ష మీద మనవాళ్ళకు ఎంత నమ్మకమో! జ్వరం వస్తే చాలు, ‘వైడల్ రాయండి డాక్టర్’ అని అడిగి మరీ రాయించుకుంటారు. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టైఫాయిడ్‌కూ, వేయించుకున్న టీకాకూ కూడా అది పాజిటివ్ చూపించొచ్చు. ఒంట్లో జ్వరం లేకుండా గాల్‌బ్లాడర్‌లో క్రిమిని మోస్తూ తిరిగేవాళ్ళను అది పట్టుకోలేదు. అలాంటివాళ్ళకు మలంలో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష చేయాలి, అదీ ఒకసారి చేస్తే సరిపోదు. ఈ ఏడాదిలో టైఫాయిడ్ వచ్చిందంటే డాక్టరును అడుగు, లేదంటే దాని జోలికి పోకు.

అమెరికాలో మేరీ మాలన్ అనే వంటామె కథ మాకు నర్సింగ్ స్కూల్లో చెప్పారు. న్యూయార్క్ చుట్టుపక్కల ఆమె వండిన ఇళ్ళలో వరసగా టైఫాయిడ్ వచ్చింది. 1907లో పట్టుకుని ఒక దీవి మీద పెట్టారు. ఆమెకు మాత్రం ఏ రోగమూ లేదు, గట్టి మనిషి. వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. బట్టలుతికే పని దొరికింది, దానికి వంటకు వచ్చినంత జీతం రాదు. పేరు మార్చుకుని మళ్ళీ వంటకే పోయింది. 1915లో ఒక ప్రసూతి దవాఖానలో పాతికమందికి జ్వరం వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. 1938లో చచ్చిపోయేదాకా ఆ దీవి మీదే ఉంచారు. మా టీచరమ్మ ఈ కథ చేతులు కడుక్కోవడం గురించి చెప్పింది. నాకు మాత్రం ఆ తక్కువ జీతం మాటే గుర్తుండిపోయింది.

ఎందుకంటే మా ఇంట్లోనూ అదే జరిగింది. నేను హనుమకొండలో ఉన్నప్పుడు వంటామెకు గట్టి రూల్ పెట్టాను. నెలకు ఒక నాగా దాటితే రోజుకింత కోత. ఒక బతుకమ్మ పండుగప్పుడు ఆమెకు విరేచనాలు పట్టుకున్నాయి. అప్పటికే ఒక నాగా అయిపోయింది. పిల్లలకు కొత్త బట్టలు కొనాలి, కోత పడితే ఎట్లా అని నాకు చెప్పకుండా వచ్చి జొన్నరొట్టెలు చేసింది. మూడో రోజుకు మా ఇంట్లో ముగ్గురం పడ్డాం. నేను పెట్టిన రూలు నాకే సెలైన్ ఎక్కించింది. ఆమెను చేర్చుకునే ముందు చేయించిన పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఆ కాగితాలు బీరువాలో ఉన్నాయి. పరీక్ష ఆ ఒక్క రోజు సంగతి చెప్తుంది. దగ్గు, విరేచనం, జ్వరం తర్వాత ఏ రోజైనా రావొచ్చు. ఆ రోజు ఆమె నీకు నిజం చెప్పాలంటే చెప్పినందుకు పైసలు పోకూడదు.

అందుకని ల్యాబ్ ప్యాకేజీ కంటే ముందు నువ్వు సెలవుల సంగతి తేల్చు. జబ్బు రోజులకు కోత లేదని మొదటి రోజే, మీ ఆయన ముందు, మీ అత్తమ్మ ముందు చెప్పు. వాంతులు, విరేచనాలు అయితే తగ్గాక కూడా రెండు రోజులు వంట ముట్టొద్దు, జీతం మాత్రం అంతే. మేడారం జాతర నుంచి వచ్చాక కడుపు బాగా లేకపోతే సిగ్గుపడకుండా చెప్పమను. జాతరకు పోయి రావడం తప్పేమీ కాదు, మనమూ పోతాం. ‘నాకు చాతగాని రోజు నా బిడ్డను పంపుత’ అంటుంది, చూస్తుండు. ఆ పిల్ల బడి ఈడు పిల్లయితే వద్దను. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఇంటి పనికి పెట్టుకోవడం 2006 అక్టోబర్ నుంచి నిషేధం. చట్టం సంగతి అటుంచు, పొయ్యి ముందు, చంటిపిల్ల పక్కన ఇంకో చిన్నపిల్ల ఏం చేస్తుంది?

హెచ్‌ఐవి పరీక్ష లిస్టులోంచి ఈ రోజే కొట్టేయి. ఉద్యోగానికి ఆ పరీక్ష షరతుగా పెట్టడం 2017లో వచ్చిన చట్టం ప్రకారం తప్పు, 2018 సెప్టెంబర్ నుంచి అది అమల్లో ఉంది. చట్టం లేకపోయినా ఎందుకు బిడ్డా? అన్నం వండితే, పాపను ఎత్తుకుంటే, ఒకే గ్లాసులో నీళ్ళు తాగితే హెచ్‌ఐవి రాదు. హెపటైటిస్ బి కూడా వంట వల్ల, కంచాల వల్ల రాదు, ముఖ్యంగా రక్తం వల్ల వస్తుంది. అంత భయమైతే ఆమెను పరీక్షించడం ఎందుకు, మీరే టీకా వేయించుకోండి. పెద్దవాళ్ళకు మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకు ఒకటి, ఆరు నెలలకు ఇంకొకటి. పాపకు పుట్టినప్పుడు ఒకటి, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే ఐదు జబ్బుల టీకా పెంటావాలెంట్‌లో మిగతావి పడే ఉంటాయి, కార్డు చూసుకో. గర్భం పరీక్ష ఎందుకు పెట్టావో నేను అడగను. తీసేయి, అంతే.

చేయించాల్సినవి తక్కువే. మీ ఇంటి దగ్గరి బస్తీ దవాఖానకు నువ్వే తోడుపో, డాక్టర్ బీపీ, ఛాతీ, చర్మం చూస్తారు. షుగర్, హిమోగ్లోబిన్ తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఉచితంగా చేస్తారు. వేళ్ళ సందుల్లో, మణికట్ల దగ్గర గజ్జి కనిపిస్తే మొహం తిప్పుకోకు. రాత్రి పూసుకుని పొద్దున కడుక్కునే మందు ఉంది. కాకపోతే ఆమె ఒక్కతే పూసుకుంటే మళ్ళీ వస్తుంది. వాళ్ళింట్లో అందరికీ ఒకే రోజు సరిపడా కొనివ్వు. హిమోగ్లోబిన్ పన్నెండు కంటే తక్కువ వస్తే ఆశ్చర్యపోకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువే. ఐరన్ గోళీలు దవాఖానలో ఇస్తారు. చాయ పొద్దున రాగానే ఇవ్వు, అన్నం తిన్న వెంటనే వద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు రెండూ ఆమె మంచి కోసం, నీ మంచి కోసం కాదు. ఆ మాట కూడా ఆమెకు చెప్పు.

ఫ్లూ టీకా, కోరింత దగ్గు టీకా మాత్రం ఆమెకు నీ ఖర్చుతో వేయించు. పాపకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు. అప్పటిదాకా పాప చుట్టూ ఉన్నవాళ్ళు వేయించుకోవడమే దానికి అడ్డు. చుట్టూ ఉన్నవాళ్ళు అంటే మీరందరూ.

దవాఖానకు పోయిన రోజు కూలీ, ఆటో కిరాయి నువ్వే ఇవ్వు. రిపోర్టులు ఆమె చేతికే ఇప్పించు, అవి ఆమెవి. పనికి పనికొస్తుందా లేదా అన్న ఒక్క మాట డాక్టర్ చెప్తే నీకు చాలు. ఆ కాగితాలు ఫోటో తీసి మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టావని తెలిస్తే నేను పరకాలలో బస్సెక్కి వచ్చి మరీ తిడతా.

ఇంకొకటి, బాత్రూం కడిగేటప్పుడు యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలపొద్దని చెప్పు, వచ్చే పొగ ఊపిరి ఆడనివ్వదు. రబ్బరు గ్లౌజులు కొనిపెట్టు.

చివరగా, రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. పోయిన నెల పాపను చూడ్డానికి వచ్చినప్పుడు మీ మామయ్య వరండాలో కూర్చుని దగ్గుతున్నారు. సిగరెట్ దగ్గులే అన్నావు. మొన్న నువ్వు లిస్టు చదువుతున్నప్పుడు ఫోన్లో వెనక అదే దగ్గు వినపడింది. నెల దాటింది. పనామెను ఎక్స్‌రేకు తీసుకుపోయే రోజు ఆయన్ను కూడా ఆటోలో ఎక్కించు. ఆయన వినకపోతే నాకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతా.

ఉంటాను,
పెద్దమ్మ