2006 పెట్రోల్ స్విఫ్ట్‌కు 40 వేలలో పికప్ పెంచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాన్నగారు వాడిన 2006 స్విఫ్ట్ వీఎక్స్ఐ, ఏపీ 36 నంబరు, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. ఉండేది హన్మకొండలో, చేతిలో ఉన్నది 40 వేలు. కోన్ ఫిల్టర్ (బాక్స్ లేకుండా తెరిచి పెట్టే ఎయిర్ ఫిల్టర్), ఫ్రీఫ్లో సైలెన్సర్ (పొగ సులువుగా బయటికి పోయేలా చేసినది), 16 అంగుళాల అల్లాయ్స్, వీటిలో ఏది ముందు? చివర్లో పాత బెలెనో ఇంజిన్ వేయొచ్చా అని కూడా అడిగారు.

ఆ మూడింటిలో ఏదీ ముందు కాదు. నేను నడిపేది ఎస్టీమ్. మీ బండిలో ఉన్న 1.3 లీటర్ల 16 వాల్వ్ ఇంజిన్ కూడా అదే సుజుకీ జీ13 ఇంజిన్ల కుటుంబానిది కాబట్టి ఇంజిన్ సంగతులు చాలావరకు మీకూ పనికొస్తాయి.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు మీ స్విఫ్ట్ పవర్ 87 హార్స్ పవర్, అదీ 6000 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ 113 న్యూటన్ మీటర్లు, 4500 దగ్గర. ఇప్పుడు అందులో ఎంత మిగిలిందో కొలవకుండా ఎవరూ చెప్పలేరు. టర్బో లేని ఇంత చిన్న ఇంజిన్‌కు ఫిల్టరూ సైలెన్సరూ కలిసి ఇచ్చేది మహా అయితే రెండు మూడు హార్స్ పవర్. అరిగిన ప్లగ్గులు, జారే క్లచ్, సగం పట్టేసి వదలని బ్రేకు తినేసేది అంతకంటే ఎక్కువ. పోయింది వెనక్కి తెచ్చుకోవడమే మీ బడ్జెట్‌లో దొరికే అతి పెద్ద అప్‌గ్రేడ్.

మొదట కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లలో ఒత్తిడిని గేజ్‌తో కొలిచే పరీక్ష, చేయించండి. ఆటోనగర్‌లో గ్యారేజీలకు కొదవ లేదు కానీ, గేజ్ ఉందా అని ఫోన్‌లోనే అడిగి వెళ్లండి. గేజ్ లేని చోట శబ్దం విని తీర్పు చెప్పేస్తారు. నా బండి ఇలాగే ఈడ్చుకుంటూ పోతున్నప్పుడు ఒక గ్యారేజీలో బానెట్ ఎత్తి, రెండు సార్లు రేస్ చేసి, "బోర్ పని పడ్డది సార్" అని ముప్పై వేల లెక్క చెప్పారు. ఇంకో చోట గేజ్ పెట్టి చూస్తే నాలుగు సిలిండర్లూ దాదాపు ఒకే రీడింగ్. అసలు సమస్య మసి పట్టిన థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం), పగిలిన వాక్యూమ్ గొట్టం. వాటికి అయిన ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు.

టెస్ట్ చేసేటప్పుడు ఇంజిన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ విప్పాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి, బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండాలి. నాలుగు రీడింగులూ దగ్గర దగ్గరగా ఉంటే మంచిదే. ఒక్కటి మాత్రం బాగా పడిపోతే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. అప్పుడు రీడింగ్ పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల వైపో, హెడ్ గాస్కెట్ వైపో చూడాలి. రింగులు పోయి ఉంటే మిగతా లిస్టంతా పక్కన పెట్టి మొత్తం డబ్బు అక్కడే పెట్టండి.

కంప్రెషన్ బాగుంటే ఈ పనులు చేయించండి: ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయెల్ ఫిల్టర్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజిన్ ఆయిల్, కూలెంట్. ఈ ఇంజిన్‌కు ఉన్నది చైన్ కాదు, టైమింగ్ బెల్ట్. ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. పనిలో పనిగా వాటర్ పంపు కూడా చూపించండి. తర్వాత దాని కోసం బెల్ట్ మళ్లీ తీయించడం దండగ. ఈ భాగమంతా ఒరిజినల్ స్పేర్లతో పది, పన్నెండు వేల లోపు అయిపోవాలి.

పైసా ఖర్చు లేని పరీక్షలు రెండున్నాయి. చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి బండిని చేత్తో తోయండి. ఒక్కరే తోస్తే సులువుగా కదలాలి. కదలకపోతే బ్రేకు ఎక్కడో పట్టేసింది. తర్వాత ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 50 దగ్గర ఒక్కసారి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది. అలాంటి క్లచ్ ఉన్న బండికి ఏ ఫిల్టర్ పెట్టినా లాభం లేదు.

పెట్రోల్ గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ, అంటే ఈ మిశ్రమంలో ఆరేడు శాతం తగ్గినట్టే. మైలేజ్ కొంత పడిపోయిందని అనిపిస్తే తప్పంతా బండిదే కాదు. మీ బండి కాలంలో రబ్బరు పైపులు, సీళ్లు ఈ పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైగా ఇథనాల్ పాత ట్యాంకులో పేరుకున్న మురికిని కదిలిస్తుంది, అదంతా వచ్చి ఫిల్టర్‌లో కూర్చుంటుంది. ఇంజిన్ దగ్గరి ఫ్యూయెల్ గొట్టాలు గట్టిపడినా, పగుళ్లు కనిపించినా ఆలోచించకుండా మార్చేయండి, అది పికప్ కంటే ముందు మంటల సంగతి. ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోల్ మాత్రం ఈ ఇంజిన్‌కు అక్కర్లేదు. నాక్ (పెట్రోల్ వేళకు ముందే అంటుకుని వచ్చే టకటక శబ్దం) కొట్టని ఇంజిన్‌కు ఎక్కువ ఆక్టేన్ పోస్తే పవర్ పుట్టదు.

ఇక కోన్ ఫిల్టర్. మన దగ్గర మే నెలలో బయటే 43, 44 డిగ్రీలుంటుంది, బానెట్ కింద ఇంకెంతో. కంపెనీ ఎయిర్ బాక్స్ బయటి గాలిని తీసుకుంటుంది, తెరిచి పెట్టిన కోన్ ఇంజిన్ పక్కనున్న వేడి గాలిని పీలుస్తుంది. గాలి పది డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది, పవర్ కూడా దాంతోపాటే. పెరిగేది శబ్దం. ఆ శబ్దానికి బండి వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది, అదే దాని వ్యాపారం. పేపర్ ఫిల్టర్ ఎప్పటికప్పుడు మార్చుకుంటే చాలు.

16 అంగుళాల అల్లాయ్స్ అయితే పికప్‌కు నేరుగా ఎదురు. చక్రం బరువైతే తిప్పడానికే ఇంజిన్ శక్తి పోతుంది, టైరు చుట్టుకొలత పెరిగితే గేర్లన్నీ కొంచెం పొడవైనట్టే. స్పీడోమీటర్ కూడా తప్పు చూపిస్తుంది. ఇదే స్విఫ్ట్ జడ్ఎక్స్ఐకి కంపెనీ 185/70 ఆర్14 ఇచ్చింది. మీ 165/80 ఆర్14 టైరు ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు, దానిది 615. అంటే గేరింగ్ దాదాపు అదే ఉంటుంది, పట్టు పెరుగుతుంది. రిమ్ వెడల్పు సరిపోతుందో లేదో టైర్ల షాపులో చూపించుకుని అదే వేయించండి. ఇప్పుడున్న టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ చూడండి. 2317 అంటే 2017లో 23వ వారం తయారైనది. అరగకపోయినా అంత పాత రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. 40 వేలలో పెద్ద భాగం, సుమారు సగం, నేనైతే టైర్లకే పెడతాను. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కూడా అందులోనే.

మిగిలిన దాంట్లో బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. డబ్బు ఇంకా ఉంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఇంజిన్ మౌంటింగులు. వీటితో స్పీడు పెరగదు కానీ బండి బిగుతుగా, కొత్తగా అనిపిస్తుంది. రేడియేటర్ ఫ్యాన్ కూడా చూసుకోండి. మేడారం జాతర రద్దీలో ఫస్ట్ గేర్‌లో పాకాల్సి వస్తే దాని సత్తా ఏమిటో అక్కడే తేలిపోతుంది.

డ్రైవింగ్ కూడా కొంచెం మార్చుకోవాలి. టార్క్ 4500 దగ్గర ఉన్న ఇంజిన్‌ను డీజిల్ బండిలా నాలుగో గేర్‌లో 40 మీద లాగితే పికప్ లేదనే అనిపిస్తుంది. జనగామ వైపు లారీని దాటాలంటే ముందే మూడో గేర్‌లోకి దిగండి. 3500 దాటాక అదే ఇంజిన్ వేరే బండిదిలా ఉంటుంది.

సైలెన్సర్ విషయంలో నాకు మొహమాటం లేదు, వద్దు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే పొల్యూషన్ టెస్ట్‌లో ఇబ్బంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా పడొచ్చు. మీది 15 ఏళ్లు దాటిన బండి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు ఆర్‌టీఓ ముందు నిలబెట్టాలి. అప్పుడు పాత సైలెన్సర్ వెతుక్కుంటూ తిరగాల్సి వస్తుంది.

బెలెనో ఇంజిన్ ఆలోచన తప్పేమీ కాదు. పాత బెలెనోలో ఉన్న 1.6 జీ16బీ కూడా ఇదే వంశం, ఎస్టీమ్‌లు, జిప్సీల్లో వేసుకున్నవాళ్లున్నారు. కానీ స్విఫ్ట్‌లో మౌంటింగులు, వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అన్నీ తేల్చుకోవాలి. ముందే ఆర్‌టీఓ అనుమతి తీసుకుని ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించాలి, లేకపోతే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్‌తో గొడవ. 40 వేలలో ఇంజిన్ దొరకొచ్చేమో కానీ పని పూర్తి కాదు. ముందు కంప్రెషన్ రీడింగులు తీయించి ఇక్కడ రాయండి, అవి చూస్తే మీ సొంత ఇంజిన్‌లో ఎంత మిగిలుందో చెప్పగలను.