బత్తాయి రసం తాగితే డోలో పనిచేయదా?

నిక్షేపంగా తాగండి. జ్వరానికి డోలో వేసుకుంటూ బత్తాయి తినొచ్చా అని మీరు అడిగారు కానీ, మా చుట్టాల్లో వానాకాలం వచ్చిందంటే ఈ పంచాయితీ తప్పదు.

మా పెద్దమ్మ సైదాబాద్‌లో ఉంటుంది. ఆమెకు జ్వరమని తెలిసి, దారిలో బండి మీద బత్తాయిలు కొనుక్కుని వెళ్లాను. (గడ్డిఅన్నారం మార్కెట్టును బాటసింగారం తరలించాక మా వైపు బేరమాడి కొనే సుఖమే పోయింది. అది వేరే ఏడుపు.) సంచి చూడగానే పెద్దమ్మ, "పులుపు తెచ్చినవేందిరా, గోళీ పని చెయ్యదంట" అని పక్కన పెట్టించింది. ఎవరు చెప్పారంటే ఫోన్ చూపించింది. ఆ వీడియోలో ఉన్నది బత్తాయి కానే కాదు, గ్రేప్‌ఫ్రూట్. మన పంపర పనసకు దగ్గరి చుట్టం.

గ్రేప్‌ఫ్రూట్ గొడవ నిజమే. కెనడాలో డేవిడ్ బెయిలీ అనే ఆయన, ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద మద్యం ప్రభావం ఎంతో చూడబోయి, మద్యం రుచి తెలియకుండా ఈ రసంలో కలిపి ఇచ్చాడు. తీరా చూస్తే రక్తంలో మందు బాగా పెరిగిపోయింది, కారణం రసం. 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ సంగతి అచ్చయింది. కొన్ని మందుల్ని పేగు గోడలోనే విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది, ఈ పండు దాన్ని పని చేయనివ్వదు. కొలెస్ట్రాల్‌కి వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లకూ ఈ చిక్కుంది. అవి వాడేవాళ్లు పంపర పనస తినేముందు కూడా డాక్టర్ని అడగండి. డోలోలో ఉండే పారాసెటమాల్ దారి వేరు. దాన్ని ఎక్కువగా కాలేయమే వేరే పద్ధతిలో మార్చి, ఒంట్లోంచి బయటికి పోయేలా చేస్తుంది. నొప్పులకు వాడే ఐబుప్రొఫెన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ కూడా ఇంకొకటి.

నన్నడిగితే పండు గురించి టెన్షన్ పడేవాళ్లెవరూ మందుల డబ్బాలో ఏముందో చూడరు. పెద్దమ్మ ఫ్రిజ్ మీద పాత బిస్కెట్ల రేకు డబ్బా ఉంటుంది. మూత తీస్తే కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు, వాటికి చుట్టిన రబ్బరు బ్యాండ్లు, నూనె మరకల చీటీలు. జ్వరానికి డోలో, అంటే 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్. మోకాళ్ల నొప్పికి కాంబిఫ్లామ్, ఐబుప్రొఫెన్‌తో పాటు అందులోనూ పారాసెటమాల్ 325. జలుబు బిళ్ళ తిప్పి చూస్తే అందులో ఇంకో 500. మూడూ కలిపి పూటకు 1475, మూడు పూటలకు 4425. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు 4000 దాటకూడదు, దాటితే దెబ్బ కాలేయానికి. ఇంత మింగుతూ బత్తాయిని అనుమానిస్తోంది మా పెద్దమ్మ! పైగా కాంబిఫ్లామ్ పొద్దున్నే ఉత్త చాయ్‌తో. కడుపులో మంట పుట్టిందంటే పుట్టదా మరి?

పండ్ల గురించి జాగ్రత్త పడాలంటే అరటిపండు, కొబ్బరినీళ్ల దగ్గర పడాలి, అదీ అందరూ కాదు. బీపీకి టెల్మిసార్టన్ వాడుతూ, మూత్రపిండాలు బలహీనంగా ఉండి, రోజూ ఐబుప్రొఫెన్ రకం నొప్పి బిళ్ళలు మింగేవాళ్లు. ఆ రెండు మందులూ ఒంట్లో పొటాషియం పెంచగలవు, అరటిపండు, కొబ్బరినీళ్లలో అదే దండిగా ఉంటుంది. పైగా నొప్పి బిళ్ళ వల్ల బీపీ కూడా పెరగొచ్చు. ఈ మాట ఏ వీడియోలోనూ రాదు.

ఏ బిళ్ళలో ఏముందో మనకు తెలియకపోవడంలో అసలు సగం తప్పు మెడికల్ షాపులది. రెండు బిళ్ళలు అడిగితే పేరు, ఎక్స్‌పైరీ డేట్ ఉన్న ముక్క తమ దగ్గర ఉంచుకుని, వట్టి వెండి కాగితం మన చేతిలో పెడతారు. మొత్తం స్ట్రిప్పు ఇవ్వన్నా అంటే "రెండు సరిపోతయ్ కదన్నా" అని మనకే నచ్చజెబుతారు. పేరున్న వైపు ముక్కే కత్తిరించి ఇవ్వమని గట్టిగా అడగండి. వినకపోతే కత్తెర పడకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.