చలువ పెయింటు ముందా, ఇన్వర్టర్ ఏసీ ముందా?

సందేహం: మా డాబాకు చలువ పెయింటు వేయించాలా, పాత ఏసీ తీసేసి ఇన్వర్టర్ ఏసీ కొనాలా? మా ఆఫీసు భవనంలోని పెద్ద ఏసీ వ్యవస్థకు కూడా ఇలాంటి మార్గం ఉందా?

జవాబు: ముందు పెయింటు. చలువ పెయింటు ఎండను తిప్పికొట్టి కప్పు వేడెక్కకుండా చూస్తుంది. లోపలికి వచ్చే వేడి తగ్గితే, తర్వాత కొనే ఏసీ చిన్నదైనా సరిపోతుంది. ప్రతి వస్తువూ తన వేడిని పరారుణ కిరణాల రూపంలో వెలువరిస్తూనే ఉంటుంది. వాటిలో 8 నుంచి 13 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలను వాతావరణం పెద్దగా అడ్డుకోదు కాబట్టి, ఆ వేడి నేరుగా అంతరిక్షంలోకి పోతుంది. రాత్రంతా ఆరుబయట నిలిపిన కారు పైభాగం తెల్లవారేసరికి మంచుతో తడిసి ఉండేది అందుకే. చిక్కంతా పగటి ఎండతోనే. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎండలో 97 శాతాన్ని తిప్పికొట్టే పలుచని పొరలతో, నేరుగా ఎండ పడుతున్నా చుట్టూ ఉన్న గాలి కంటే దాదాపు 5 డిగ్రీలు చల్లగా ఉండే ఉపరితలాన్ని తయారుచేశారు. 2021లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం ప్రకటించిన బేరియం సల్ఫేట్ పెయింటు 98.1 శాతాన్ని తిప్పికొట్టింది. అందులోని రేణువులు రకరకాల పరిమాణాల్లో ఉండడం వల్ల ఎండలోని వేర్వేరు తరంగదైర్ఘ్యాలన్నీ చెదిరిపోతాయి.

మామూలుగా దొరికే చలువ పెయింట్లు అంత పని చేయవు. అయినా ముదురు రంగు కప్పు కంటే చాలా తక్కువ వేడెక్కుతాయి, పై అంతస్తులో ఉండేవారికి అది పెద్ద ఊరట. దుమ్ము పేరుకుంటే ఫలితం తగ్గుతుంది కనుక కప్పును అప్పుడప్పుడు కడగాలి.

ఇక ఏసీ. పాత రకం కంప్రెసర్ పూర్తి వేగంతో తిరుగుతుంది, లేదా ఆగిపోతుంది. ఇన్వర్టర్ రకం గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు అంతే పెద్ద కాయిల్ (వేడిని గ్రహించే, వదిలే గొట్టాల చుట్ట) మీద తక్కువ వేడి పడుతుంది కాబట్టి కంప్రెసర్ ఎదుర్కొనే ఒత్తిడి తేడా తగ్గి, ఒక్కో యూనిట్ కరెంటుకు ఎక్కువ చల్లదనం వస్తుంది. తలుపు సందుల్లోంచి వేడిగాలి వస్తూ ఏసీ ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరగాల్సి వస్తే ఈ లాభం చాలావరకు పోతుంది. కొనే ముందు ఆ సందులు మూయించండి.

ఆఫీసు భవనాల్లో పొదుపుకు అసలైన చోటు పంపులు, ఫ్యాన్లు అని నా గట్టి నమ్మకం. ఫ్యాన్ తీసుకునే కరెంటు దాని వేగానికి ఘనం చొప్పున మారుతుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే 0.8ను మూడుసార్లు గుణించినట్లు, కరెంటు 51 శాతానికి పడిపోతుంది. పెద్ద ఏసీ వ్యవస్థల్లో చల్లటి నీటిని భవనమంతా తిప్పే పంపులకూ దాదాపు ఇదే లెక్క. మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ అనే పరికరాన్ని బిగిస్తే ఈ పొదుపు చేతికి వస్తుంది. ఒకసారి మీ భవనం పంపుల గదిలోకి వెళ్లి చూడండి. పంపు పూర్తి వేగంతో తిరుగుతుండగా దాని వాల్వు సగం మూసి ఉంటే, అక్కర్లేని ప్రవాహాన్ని పుట్టించి మరీ అడ్డుకుంటున్నారన్నమాట. డ్రైవ్‌ను మొదట ఆ పంపుకే బిగించమని అడగండి.